గుండ్రని బల్ల చుట్టూ మనకు చోటున్నదా?

గత సంవత్సరం ఈ సంచికకు వచ్చిన రచనలను పరిశీలించిన సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. తెలుగు విభాగానికి వచ్చిన కథలలో వరకట్న దురాచారాన్ని గురించినవి కొన్ని, నిరుద్యోగాన్ని గురించినవి కొన్ని, మాతృప్రేమను గురించినవి లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. ఆ దొంతరలో ఫుల్‌స్కేప్ కాగితాలకు రెండు వైపులా, మార్జిను సైతం వదలకుండా వ్రాసిన ఒక కథ నా చేతికి వచ్చింది. వ్రాసినవాడు బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి. అడవిలో ఒక నీటి బుగ్గ. శిరస్త్రాణం తీసి ప్రక్కన పెట్టి, దాహం తీర్చుకోవడానికి ఒక వీరుడు వంగుతాడు. నీటిలో తన ముఖం కనిపిస్తుంది. వన్నె తరిగి, వాడిపోయి, తనది కానట్టున్న ఆ ముఖాన్ని చూచి అతడు దాహమే మరచిపోతాడు. కథ అంతా అంతే. ఆ వీరుని పేరు పాలమిడీజ్. ఆర్థర్ రాజు కొలువులోని సారసెన్ యోధుడు. సారసెన్ అంటే నాటి ఐరోపా వాడుకలో ముస్లిం అని అర్థం.

సంఘంలో ఒకరు, "ఈ రోజులలో రాజుల కథలు ఎందుకండీ?" అన్నారు. ఇంకొకరు, "ఆ పాలమిడీజ్ చివరకు మతం మార్చుకుంటాడట. రేపు ఎవరైనా అడిగితే మనం ఏమి చెప్పగలం? మన పిల్లవాడు వ్రాయవలసిన కథ కాదిది" అన్నారు. మూడవవారు గడియారం చూచుకున్నారు. నేను ఏమీ అనలేదు. కథ ప్రక్కకు వెళ్ళిపోయింది.

ఆనాడు నేను చెప్పవలసి ఉండి చెప్పని మాటలను ఒక సంవత్సరం ఆలస్యంగా ఇక్కడ చెబుతున్నాను. కమిటీ పెద్దలు మన్నింతురు గాక.

మొదట "ఇది మన కథ కాదు" అన్న ఆక్షేపణను చూద్దాం. ఆర్థర్ ఎవరివాడు? ఇంగ్లీషువారి రాజు అని మనమందరం అనుకుంటాము. పాఠ్యపుస్తకాలలో టెనిసన్ పద్యాలు చదివినవారికి అంతకంటె వేరుగా తోచదు. కాని తొమ్మిదవ శతాబ్దపు లాటిన్ చరిత్రలో మొదట కనిపించే ఆర్థర్ రాజు కాడు; బ్రిటన్ల పక్షాన పన్నెండు యుద్ధాలు చేసిన సేనానాయకుడు మాత్రమే. ఆ యుద్ధాలు ఎవరిమీద? శాక్సనుల మీద. అనగా నేటి ఇంగ్లీషువారి పూర్వీకుల మీదనే! సుమారు 1136లో జెఫ్రీ అనే పండితుడు లాటిన్ గద్యంలో ఆర్థర్‌కు కిరీటం పెట్టి, ఐరోపా అంతటినీ గడగడలాడించిన చక్రవర్తిని చేశాడు. 1155లో వేస్ అనే కవి దానిని ఫ్రెంచి పద్యాలలోకి మార్చుతూ గుండ్రని బల్లను తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలలో క్రెతియేన్ ద త్రువా అనే మరొక ఫ్రెంచి కవి లాన్సలాట్‌కూ రాణికీ మధ్య ప్రేమను కల్పించాడు. గ్రెయిల్ అనే పవిత్ర పాత్రనూ అతడే ప్రవేశపెట్టి, కథ ముగించకుండానే కన్నుమూశాడు. జర్మనులు తీసుకున్నారు, డచ్చివారు తీసుకున్నారు, ఇటలీవారు తీసుకున్నారు. ఎవరిని ఎదిరించి ఆర్థర్ పోరాడాడో ఆ శాక్సనుల సంతతివారే చివరికి అతనిని తమ జాతీయ వీరునిగా కూర్చుండబెట్టుకున్నారు. శత్రువు మనుమలు సొంతం చేసుకున్న కథను మనం ముట్టుకోరాదనుట ఏ న్యాయం?

ఇటువంటి పని మనవారు చేయలేదా? హాతిం తాయీ ఇస్లాంకు పూర్వపు అరబ్బు. తయ్యి తెగకు చెందిన దాత, కవి. ఆయన కాలానికి ఎన్నో శతాబ్దాల తరువాత పారశీక కథకులు ఆయనను హుస్న్ బానూ వేసిన ఏడు ప్రశ్నల వెంట దేశదేశాలు త్రిప్పారు. మా దాదీమా ఆ కథ చెప్పేటప్పుడు హాతిం మా వీధి చివర ఇంట్లో ఉండేవాడేమో అన్నంత చనువుగా చెప్పేది. అది ఉర్దూలో మొదలై, మధ్యలో తెలుగులోకి దిగి, భయం కలిగించవలసిన చోట మళ్ళీ ఉర్దూలోకి ఎక్కేది. హాతిం మనవాడా పరాయివాడా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఇక చందమామ సంగతి చెప్పనక్కరలేదు. 1947లో పుట్టిన ఆ పత్రిక గ్రీకుల ఒడిస్సీని 'రూపధరుని యాత్రలు'గా తెలుగు పిల్లలకు అందించింది. రూపధరుడు గ్రీకువాడని తెలియకుండానే ఎన్ని తరాలవారు అతని ఓడలో ప్రయాణం చేశారో!

కావున కథకు పుట్టినిల్లు ఉంటుంది గాని పొలిమేర ఉండదు. ఈ ఆక్షేపణ ఇంతటితో సరి.

"రాజుల కథలు ఎందుకు?" అన్న రెండవ ప్రశ్న ఇంత తేలికైనది కాదు. అడిగినవారు నాకు గురుతుల్యులు, అభ్యుదయ భావాలు గలవారు. రాజుల కథలను రాజులు ఎట్లా వాడుకున్నారో చూస్తే ఆ అనుమానం సబబే అనిపిస్తుంది. 1191లో గ్లాస్టన్‌బరీ మఠంలోని సన్యాసులు ఆర్థర్ సమాధిని కనుగొన్నామని ప్రకటించారు. 1278లో మొదటి ఎడ్వర్డ్ రాజు స్వయంగా వచ్చి ఆ సమాధి తెరిపించాడు. ఏడవ హెన్రీ 1486లో తన జ్యేష్ఠ పుత్రునికి ఆర్థర్ అని నామకరణం చేశాడు. ఇంగ్లండులో వించెస్టర్ కోటలోని సభామండపంలో నేటికీ గోడకు వ్రేలాడుతున్న గుండ్రని బల్ల ఒకటున్నది. పదునెనిమిది అడుగుల వ్యాసం, దాదాపు పన్నెండు వందల కిలోల బరువు. అది ఆర్థర్ కాలానిది కాదు. పదమూడవ శతాబ్దం చివర చేయించినది. దానికి రంగులు వేయించినవాడు ఎనిమిదవ హెన్రీ. అందులో సింహాసనం మీద కూర్చున్న ఆర్థర్ ముఖంలో హెన్రీ పోలికలే కనిపిస్తాయి. 1522లో చక్రవర్తి ఐదవ చార్లెస్ వచ్చినప్పుడు ఆ బల్లను సగర్వంగా చూపించారు. ఇంతకంటె నిలువుటద్దం మరొకటి ఏ రాజుకు దొరుకుతుంది?

ఐతే ఆ బల్ల చుట్టూ ఇరువది నలుగురు వీరుల పేర్లు వ్రాసి ఉన్నవి. లాన్సలాట్ ఉన్నాడు, గావెయిన్ ఉన్నాడు, ద్రోహి మోర్‌డ్రెడ్ కూడా ఉన్నాడు. వారి నడుమ 'ప్లోమిడ్' అని ఒక పేరు, 'సాఫర్' అని మరొక పేరు ఉన్నవి. మొదటివాడు మన పాలమిడీజ్. రెండవవాడు అతని తమ్ముడు సాఫిర్. ఇద్దరు సారసెన్ వీరుల పేర్లు ఒక క్రైస్తవ ప్రభువు తన వైభవం కొరకు రంగులు వేయించిన బల్లమీద అయిదు వందల ఏండ్లుగా ఉన్నవన్నమాట. మా విద్యార్థికి ఈ సంగతి తెలిసి ఉండదు. నాకూ ఆనాడు తెలియదు. తెలిసి ఉంటే నోరు విప్పి ఉండేవాడినని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది, ఎందుకంటే నా మౌనానికి కారణం తెలియకపోవడం కాదు.

పాలమిడీజ్‌ను గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. సర్ థామస్ మేలరీ అనే ఇంగ్లీషు రచయిత చెరసాలలో ఉండగా ఫ్రెంచి, ఇంగ్లీషు మూలాలనుండి ఈ కథలన్నింటినీ కూర్చి 1469-70 ప్రాంతంలో ఒక మహాగ్రంథంగా ముగించాడు. కాక్స్‌టన్ దానిని 1485లో ముద్రించాడు. అంతకంటె భిన్నమైన వ్రాతప్రతి ఒకటి 1934లో వించెస్టర్‌లోనే ఒక పాఠశాల గ్రంథాలయంలో బయటపడింది. మేలరీ చిత్రించిన పాలమిడీజ్ మహావీరుడు, కాని ఏ పోటీలోనూ ప్రథముడు కాలేడు. ఎంత పోరాడినా చివరికి ట్రిస్ట్రమ్ అనే వీరుడు వచ్చి ఆ కీర్తిని తన్నుకుపోతాడు. అతడు ప్రేమించిన ఇసోల్ట్ ట్రిస్ట్రమ్‌నే ప్రేమిస్తుంది. దొరకని వింత మృగం ఒకదానిని అతడు జీవితమంతా వేటాడుతాడు. దానికి పాము తల, చిరుతపులి దేహం, సింహపు పిరుదులు, దుప్పి కాళ్ళు. దాని కడుపులోనుండి ముప్పై జతల వేటకుక్కలు ఒక్కమారుగా మొరిగినట్లు శబ్దం వస్తుంది. అతడు మనసులో క్రైస్తవాన్ని విశ్వసిస్తాడు, కాని మ్రొక్కుకున్న యుద్ధాలు పూర్తి అయ్యేవరకు జ్ఞానస్నానం తీసుకోనంటాడు. ఆ పూర్తి కావడం ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ ఉంటుంది. మేలరీ చెప్పదలచుకున్నది ఒక అన్యమతస్థుడు సన్మార్గంలోకి వచ్చిన కథ. కాని చేయి తిరిగిన కథకుని చేతిలో పాత్ర తన దారి తాను చూచుకుంటుంది. నాకు కనిపించేది రెండు లోకాల మధ్య గుర్రం దిగకుండా నిలిచిపోయిన మనిషి. అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ మావాడనరు.

ఈ మాటలు చదువుతున్న విద్యార్థులలో కొందరికైనా ఆ మనిషి ఎవరో తెలుసు. తెలుగు సభలో నిలబడి శుద్ధమైన తెలుగు మాట్లాడితే "అరె, మీకు తెలుగు ఇంత బాగా వచ్చునే!" అని ఆశ్చర్యపడేవారు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. తెలుగులో ఎం.ఏ. చేసి, తెలుగు పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నవాడిని. వారు మెచ్చుకుంటున్నారనే నేనూ నవ్వి ఊరుకుంటాను. ఉర్దూ ముషాయిరాలలోనైతే దీనికి సరిగా తిరగబడిన మెచ్చుకోలు లభిస్తుంది. నీటి బుగ్గలో ముఖం చూచుకున్న పాలమిడీజ్ కథను ఆ కుర్రవాడు ఎందుకు ఎన్నుకున్నాడో ఆనాడే నాకు అర్థమైంది. మౌనానికి అదే కారణం కాబోలు.

మతమార్పిడి ప్రసంగం ఉన్నదన్న అభ్యంతరానికి సమాధానం ఇక్కడనే ఉన్నది. తిరిగి చెప్పడం అంటే నకలు తీయడం కాదు. మేలరీ ముగించిన చోటనే మనమూ ముగించాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ విద్యార్థి కథ జ్ఞానస్నానం వరకు వెళ్ళనే లేదు. నీటి దగ్గరనే ఆగింది.

ఐనా మరొక నిజాన్ని దాచరాదు. ఈ మధ్యయుగ గాథలు మనవారి పట్ల చేసిన అన్యాయం చిన్నది కాదు. ఫ్రెంచివారి తొలి మహాకావ్యంగా ప్రసిద్ధమైన రోలాండ్ గీతాన్నే చూడండి. 778వ సంవత్సరంలో షార్లమేన్ సైన్యం స్పెయిన్ నుండి తిరిగి వస్తూ పిరనీస్ పర్వతాలలోని రోన్స్‌వో కనుమ దాటుతుండగా వెనుక దళం మీద దాడి జరిగి రోలాండ్ మరణించాడు. దాడి చేసినవారు బాస్క్ జాతీయులని షార్లమేన్ చరిత్రకారుడు ఐన్‌హార్డ్ స్పష్టంగా వ్రాశాడు. బాస్కులు కూడా క్రైస్తవులే. మూడు వందల ఏండ్ల తరువాత, సుమారు 1100 ప్రాంతంలో, అనగా క్రూసేడు యుద్ధాలు మొదలైన రోజులలో ఆ గీతం రూపు దిద్దుకునేసరికి బాస్కులు మాయమై వారి స్థానంలో లక్షలాది సారసెన్‌లు వచ్చి నిలిచారు. అంతటితో ఆగలేదు. ఏకేశ్వరోపాసనే ప్రాణంగా గల ముస్లింలు ఆ గీతంలో మూడు విగ్రహాలను పూజిస్తారు. యుద్ధంలో ఓడిపోగానే ఆ విగ్రహాలను తామే పగులగొడతారు! ఇది చదివి నాకు మొదట కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది. చరిత్రలో లేని శత్రువును కథ ఎట్లా తయారు చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు. దానిని దాచిపెట్టడం కన్నా చదివి, విప్పి చూపించడం మేలు.

ఐతే కోపంతో మొదలుపెట్టినవాడు అద్దం ముందు కూడా కాసేపు నిలబడాలి. మన దాస్తానుల సంగతి ఏమిటి? అమీర్ హమ్జా దాస్తాను ఎంత గొప్పదో చెప్పడానికి అక్బర్ పాదుషా దానికి సుమారు 1400 చిత్రాలు వేయించాడన్న ఒక్క మాట చాలు. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయం ఆ కథాచక్రాన్ని 46 సంపుటాలుగా ప్రచురించింది. అందులోని తిలిస్మె హోష్‌రుబా మంత్రనగరాలలో తప్పిపోని ఉర్దూ పాఠకుడుండడు. ఉమర్ అయ్యార్ జంబీల్ సంచిలో పట్టని వస్తువు లేదు. కాని ఆ దాస్తానులో అన్యమతస్థులు దాదాపు అందరూ మాంత్రికులే, విగ్రహారాధకులే. ఓడిపోగానే వరుసగా మతం మార్చుకుంటారు, లేదా తల పోగొట్టుకుంటారు. పాలమిడీజ్‌ను మేలరీ ఏ దారిన నడిపించాడో మన దాస్తాన్‌గోలు వందలాది వీరులను ఆ దారినే నడిపించారు. ఈ సంగతి ఒప్పుకోకుండా రోలాండ్ గీతాన్ని మాత్రమే నిందించడం తగదు.

మధ్యయుగంలోనే ఈ గోడను దాటి చూచినవారు లేకపోలేదు. పదమూడవ శతాబ్దం తొలినాళ్ళ జర్మను కవి వోల్ఫ్రామ్ తన కావ్యంలో ఇద్దరు అన్నదమ్ములను సృష్టించాడు. వారి తండ్రి బాగ్దాదు ఖలీఫా కొలువులో సేవ చేసిన ఐరోపా వీరుడు. అతనికీ, బెలకానె అనే నల్లని రాణికీ పుట్టినవాడు ఫైరెఫిజ్. దేహమంతా నలుపు తెలుపుల మచ్చలు. ఐరోపా రాణికి పుట్టిన తమ్ముడు పార్జివాల్. ఒకరినొకరు ఎరుగని ఆ అన్నదమ్ములు అడవిలో ఎదురుపడి ఘోరంగా పోరాడుతారు. పార్జివాల్ కత్తి విరిగిపోతుంది. వెంటనే ఫైరెఫిజ్ తన కత్తిని కూడా దూరంగా విసరివేస్తాడు. ఆయుధం లేనివానితో పోరాడడం తనకు గౌరవం కాదంటాడు. అటు పిమ్మట పేర్లు చెప్పుకుంటారు. ఆ ఘట్టంలో ధర్మవీరుడెవడు? కవి చాలా స్పష్టంగా సారసెన్ చేతిలోని కత్తినే పారవేయించాడు. చివరకు ఫైరెఫిజ్ కూడా ఒక యువతిపై ప్రేమతో జ్ఞానస్నానం పొంది, భార్యతో భారతదేశానికి వెళతాడని కావ్యం చెబుతుంది. వోల్ఫ్రామ్ ఎరిగిన భారతదేశం ఎక్కడ ఉన్నదో గాని, ఆ నలుపు తెలుపుల వీరుడు మన దేశం చేరిన తరువాత ఏమి చూచాడో, ఏ భాష నేర్చుకున్నాడో వ్రాయవలసిన బాధ్యత మన విద్యార్థులలో ఎవరికీ లేదా?

ఇప్పుడు చిన్న కథ మాట. ఇంత పెద్ద గాథలను ఆరు పేజీలలో చెప్పడం సాధ్యమా అని కొందరు అడిగారు. పన్నెండవ శతాబ్దంలోనే మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి దీనిని చేసి చూపింది. ఆమె 'లాన్వాల్' కథ ఆరువందల పైచిలుకు పంక్తులలో ముగుస్తుంది. ఆర్థర్ రాజు అందరికీ కానుకలు పంచి, పరదేశి అయిన లాన్వాల్‌ను మరచిపోతాడు. అంతే బీజం. మరచిపోబడినవాడు ఊరి వెలుపల పచ్చికలో పడుకుని ఉండగా గంధర్వలోకపు స్త్రీ వంటి ఒకతె అతనిని వరిస్తుంది. తమ ప్రేమ సంగతి ఎవరికీ చెప్పరాదని ఒక్క షరతు పెడుతుంది. షరతు ఎట్లా తప్పుతుందో, రాజసభలో విచారణ ఎట్లా జరుగుతుందో చదివి తెలుసుకోవలసిందే. కొలువులో మరచిపోబడినవాని గోడు, ఒక షరతు, ఒక భంగం. చిన్న కథకు ఇంతకంటె ఎక్కువ సామగ్రి అవసరం లేదు.

గావెయిన్‌ను గురించిన పదునాలుగవ శతాబ్దపు ఇంగ్లీషు కావ్యం కూడా ఇట్టిదే. వ్రాసినవారి పేరు తెలియదు. ఒకే ఒక్క వ్రాతప్రతి మిగిలింది. నూతన సంవత్సరపు విందులోకి ఆకుపచ్చని గుర్రం మీద ఆకుపచ్చని మనిషి వచ్చి, తన మెడ నరకమంటాడు. సంవత్సరం ఒక రోజు తరువాత తాను బదులు వేటు వేస్తానంటాడు. గావెయిన్ నరుకుతాడు. వాడు నేలమీది తలను జుట్టుపట్టి ఎత్తుకుంటాడు; ఆ తల గడువు గుర్తు చేసి వెళుతుంది. ఆ తరువాత కావ్యమంతా ఈ గడువు నీడలోనే నడుస్తుంది. చివరి వేటు గావెయిన్ మెడను గీసి వదలుతుంది, ఎందుకంటే ప్రాణభయంతో అతడు ఒక ఆకుపచ్చ నడికట్టును దాచి, చెప్పవలసిన నిజం చెప్పలేదు. మహావీరుడు సిగ్గుతో తిరిగి వచ్చి ఆ నడికట్టును తన తప్పుకు గుర్తుగా ధరిస్తాడు. సభలో అందరూ నవ్వి, తామూ అటువంటివే కట్టుకుంటారు. ఆ నవ్వు దయతో కూడినదా, అర్థం కాక నవ్వినదా? కవి చెప్పడు. 2021లో ఈ కావ్యం ఆధారంగా వచ్చిన ఆంగ్ల చలనచిత్రంలో గావెయిన్‌గా నటించినవాడు గుజరాతీ మూలాలు గల దేవ్ పటేల్. పరాయి ముఖం ఆ కథకు ఏ లోటూ చేయలేదు.

అద్భుతరసం అంటే ఇష్టం వచ్చినట్లు మాయలు చేయడం కాదని గావెయిన్ కథ నేర్పుతుంది. మాయకు ఒక నియమం ఉండాలి, ఆ నియమానికి ఒక ధర ఉండాలి. మా విద్యార్థుల కథలలో తరచు కనిపించే లోపం ఇదే. నాయకుడు ఆపదలో పడగానే మాంత్రికుడు ప్రత్యక్షమై ఉంగరం ఇస్తాడు. ఉంగరం ఇచ్చినందుకు ఏమీ తీసుకోడు. అట్టి మాంత్రికుడు కథలో కన్నా ఎన్నికల సభలో ఎక్కువ రాణిస్తాడు. మరొక లోపం, జననం మొదలు మరణం వరకు రాజు చరిత్ర అంతా సంగ్రహించి చెప్పడం. అది కథ కాదు, పరీక్షలో పది మార్కుల సమాధానం. ఒక్క ఘడియను పట్టుకుని, ఆ ఘడియలో మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో చూపితే చాలు. పేర్ల విషయంలో నా అభిప్రాయం వేరు. పిల్లల కొరకు ఒడిస్సియస్‌ను రూపధరుడనడం అందంగానే ఉన్నది గాని, పాలమిడీజ్‌ను మాత్రం పాలమిడీజ్‌గానే ఉంచాలి. పరాయి పేరే అతని కథ.

రాజుల కథలన్న ఆక్షేపణకు తిరిగి వస్తాను. గుండ్రని బల్ల ఎందుకు పుట్టింది? ప్రతి వీరుడూ తానే గొప్పవాడనుకోవడం వల్ల, ఎవరి పీట ఎత్తని తగవు రాకుండా ఆర్థర్ దానిని చేయించాడని వేస్ చెబుతాడు. తెలుగువారికి ఈ మాట వినగానే పల్నాటి బ్రహ్మనాయుని చాపకూడు గుర్తుకు రావాలి. అక్కడ అన్ని కులాలవారూ ఒకే చాపమీద కూర్చుండి తిన్నారు. మాల కన్నమదాసు సేనాని అయ్యాడు. శ్రీనాథుడు ద్విపదలో చెప్పిన ఈ వీరగాథ పన్నెండవ శతాబ్దపు ఉదంతమే, వేస్ బల్లను కల్పించిన శతాబ్దమే. కాని భేదం గమనించండి. ఆర్థర్ బల్ల వీరులకు మాత్రమే. బయట గుర్రాలను పట్టుకుని నిలిచినవానికి అక్కడ చోటు లేదు. రాజుల కథలు వద్దు అనడం కన్నా, ఆ గుర్రపువాని ప్రక్కన నిలబడి లోపలి విందును చూస్తూ వ్రాయండి అనడం నాకు ఎక్కువ న్యాయంగా తోస్తుంది. మార్క్ ట్వేన్ 1889లోనే తన యుగపు మనిషిని ఆర్థర్ కొలువులో దింపి ఆ వైభవాన్ని ఎగతాళి చేశాడు. ఇషిగురో 2015లో వ్రాసిన నవలలో ఆర్థర్ మరణించిన తరువాత దేశమంతా మరపు అనే పొగమంచు కమ్ముకుంటుంది. ఆ మంచు తొలగితే శాక్సనులపై జరిగిన హత్యలు గుర్తుకు వస్తాయి. రాజును పొగడడానికే రాజు కథ చెప్పాలని ఎవరూ శాసించలేదు.

గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. ఒక్క పేరు మార్పుతో పాదుషా తెలుగు పద్యంలో ఇమిడిపోయాడు. ఆ పేరు పలికిన నాలుకలు మన ప్రాంతానివే. మరి ఈ కళాశాల పత్రికలో కుడి వైపునుండి ఉర్దూ, ఎడమ వైపునుండి తెలుగు మొదలై మధ్యలో కలుసుకుంటాయి. పాలమిడీజ్ గుర్రం దిగడానికి ఇంతకంటె తగిన చోటు నాకు తెలియదు.

కమిటీవారికి నా మనవి ఇది. వచ్చే సంచికలో పాత గాథలను తిరిగి చెప్పే చిన్న కథలకు ఆ మధ్య పుటలలో కొన్నింటిని కేటాయించండి. ఆర్థర్ అయినా సరే, హమ్జా అయినా సరే, బాలచంద్రుడైనా సరే. ఏ కథనైనా మతం పేరుతోనో, రాజుల పేరుతోనో తిరస్కరించే ముందు దానిని సంఘంలో ఒకసారి బిగ్గరగా చదివించండి. గత సంవత్సరం మేము ఆ పని కూడా చేయలేదు.

ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయాడు. అతని కథ నా సొరుగులో ఉన్నది. అనుమతి కోరుతూ అతని పాత చిరునామాకు ఉత్తరం వ్రాశాను, సమాధానం రాలేదు. అతనిని ఎరిగిన స్నేహితులెవరైనా ఈ వ్యాసం చదివితే అతనికి చెప్పగలరు. ఇతర విద్యార్థులు ఉర్దూ కథలను ఉర్దూ విభాగానికి, తెలుగు కథలను నాకు అందజేయవచ్చును. ఆరు ఫుల్‌స్కేప్ పుటలకు మించకుండా, కాగితానికి ఒక వైపున మాత్రమే, మార్జిను వదలి వ్రాయవలెను.